విత్తనాల సంచీ మనిషి – వనజీవి రామయ్య గారు



సంచికలో ఎవరి జీవితం వేద్దామన్న మాట వచ్చినప్పుడు ప్రతిసారీ రెండు మూడు పేర్లే ముందుకు వస్తాయి. దేశం కోసం జైలుకు వెళ్ళినవారు, బడులు కట్టించినవారు, పెద్ద చదువులు చదివి పదవులు చేసినవారు. అటువంటి పెద్దలను గురించి రాసుకోవడం మన విధి, అందులో తప్పేమీ లేదు. అయితే ఈసారి మేము ఒక పల్లెటూరి మనిషిని ఎంచుకున్నాం. ఆయనది మన ఊరు కాదు, మన జిల్లా కాదు, 2014 జూన్ 2 తరువాత మన రాష్ట్రం కూడా కాదు. మన జమాతు వాడూ కాదు. పెద్ద చదువు లేదు, పదవి లేదు, ఆస్తి అసలే లేదు, ఉన్నదంతా చెట్లకే పెట్టేశాడు. ఆయనే ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి గ్రామానికి చెందిన దరిపల్లి రామయ్య గారు. ‘చెట్ల రామయ్య’ అంటే ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. దేశమంతటికీ తెలిసిన పేరు వనజీవి రామయ్య. 2025 ఏప్రిల్ 12వ తేదీన స్వగ్రామంలోనే, ఎనభై దాటిన వయసులో గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన జీవితంలో ముఖ్యమైన భాగమంతా ఇంటి బయట, ఆరుబయట, రోడ్డు వారనే గడిచింది. అటువంటి జీవితాన్ని చరిత్ర అనరాదా అంటే అనవచ్చుననే మా అభిప్రాయం.

రెడ్డిపల్లి ఖమ్మం పట్నానికి దగ్గరలో, ఖమ్మం గ్రామీణ మండలంలో ఉంది. ఆ ప్రాంతపు ఎండ సంగతి మన వైపు వారికి చెబితే నమ్మరు. మనకు సముద్రం దగ్గర, ఎంత ఉక్కపోసినా సాయంత్రానికి గాలి తగులుతుంది. అక్కడ రాతి నేల. గ్రానైటు గుట్టలు పగలంతా ఎండను తాగి రాత్రంతా వదులుతాయి. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు పెద్ద వింత కాదు. అటువంటి చోట రోడ్డు మీద నడిచే కూలివాడికి ఒక చెట్టు నీడ అంటే ఏమిటో వేరే చెప్పాలా! రామయ్య గారికి చెట్ల పిచ్చి పుస్తకాల నుంచి పట్టింది కాదు, ఆ ఎండలోనుంచి పట్టింది అనుకుంటాం మేము.

విత్తనం మీద ఆయనకు మొదటి గురువు కన్నతల్లి. పెరట్లో కాచిన కాయల్లో మంచివాటిని ఏరి, గింజలు తీసి, మరుసటి ఏటికి దాచిపెట్టే తల్లిని చూస్తూ పెరిగారు. ఈ మాట చదవగానే మన ఇళ్ళల్లో నానీలూ దాదీలూ గుర్తుకు రావడంలేదూ! ఆనప, బీర, గుమ్మడి గింజలను బూడిదలో పొర్లించి, ఎండబెట్టి, పాతగుడ్డలో మూటకట్టి, పొయ్యి పైన ఉట్టికి వేలాడదీసేవారు. పొగకు పురుగు పట్టదు. ఇప్పుడు మనం ప్యాకెట్టు విత్తనం కొంటున్నాం. అందరి తల్లులూ విత్తనాలు దాచారు, అందరి పిల్లలూ చూశారు, కాని రామయ్య గారు ఒక్కరే ఆ పనిని పెరటి గోడ దాటించి ఊరి రోడ్డు మీదికి తెచ్చారు.

పని పద్ధతి చాలా మామూలుది. ఒక సైకిలు. దానికి ఒకవైపు విత్తనాల సంచీ, మరోవైపు మొక్కలు. తవ్వడానికి ఒక పనిముట్టు. వేసవి అంతా చెట్ల కింద రాలిన గింజలు ఏరుకోవడం, తొలకరి పడగానే వాటిని నాటుకుంటూ పోవడం. రోడ్ల పక్కన, సాగర్ కాలువ గట్ల మీద, బడి ఆవరణల్లో, గుడి దగ్గర, ఖాళీగా బోసిగా కనిపించిన ప్రతి చోటా నాటారు. తరువాతి కాలంలో సైకిలు పోయి మోపెడ్ వచ్చిందే గాని, సంచీ మాత్రం మారలేదు. దాదాపు అర్ధశతాబ్దం ఇదే పని.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తన పొలంలో చెట్లు పెంచేవాడు రైతు. రామయ్య గారు తనకున్న మూడెకరాలనూ అమ్మి ఆ డబ్బుతో విత్తనాలూ మొక్కలూ కొని, వాటిని ఎవరిదీ కాని నేలలో నాటారు. మన పల్లెల్లో దాన్ని పోరంబోకు అంటాం. పోరంబోకు అంటే ఏ దిక్కూ లేనిది అని మన లెక్క, ఎవడు ఆక్రమిస్తే వాడిది అని లోకం లెక్క. అది అందరిదీ అన్నది రామయ్య గారి లెక్క. ఈ ఒక్క తేడాలోనే ఆయన జీవితమంతా ఉంది.

మొదట్లో ఊరివాళ్ళు పిచ్చివాడన్నారు. అనరా మరి? సొంత భూమి అమ్ముకొని సర్కారు రోడ్డుకు నీళ్ళు పోసేవాణ్ణి మన సబ్బవరంలో అయినా అదే అంటాం. పిచ్చి రామయ్య కొన్నాళ్ళకు చెట్ల రామయ్య అయ్యాడు, చెట్ల రామయ్య వనజీవి రామయ్య గారయ్యారు. పేరు మారడానికి చెట్లు ఎదగడానికి పట్టినంత కాలమూ పట్టింది.

విత్తనం ఏరి నాటడం అంటే అంత తేలికైన పని అనుకోరాదు. దానికి ఒక పంచాంగం ఉంది. ఆ పంచాంగం తెలిసినవాడికే మొక్క వస్తుంది. చింతపండు మాఘ ఫాల్గుణాల్లో కొడతారు, గింజ గట్టిది, డబ్బాలో పెడితే చాలాకాలం ఉంటుంది, నాటే ముందు ఒక రాత్రి నానబెడితే చాలు. కానుగ కాయలు ఎండాకాలంలో రాలతాయి. రేల గింజకు పెంకు మహా గట్టి, ఊరికే మట్టిలో వేస్తే ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. దాన్ని గరుకురాతి మీద కాస్త అరగదీయాలి, లేదా వేడినీళ్ళలో వేసి చల్లారనివ్వాలి. వేప, నేరేడు మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. పండు రాలిన రెండు మూడు వారాల్లో నేలలో పడకపోతే గింజలో ప్రాణం పోతుంది. దేవుడి ఏర్పాటు ఎలా ఉందో చూడండి, ఆ రెండూ సరిగ్గా తొలకరి వేళకే పండుతాయి! నర్సరీలో సంచీకి ఇంత అని డబ్బిచ్చి కొనుక్కునేవారికి ఈ లెక్కలతో పనిలేదు. చేతిలో డబ్బులేని రామయ్య గారి వంటివారికి మాత్రం ఈ లెక్కలే పెట్టుబడి. ఎన్నో రకాల చెట్ల గింజలను చూడగానే గుర్తుపట్టి, వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగేవారు. అడవి శాఖలో ఉద్యోగం చేసినవారు సైతం ఆయన ముందు కూర్చుని విన్నారంటే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

ఇక కోటి మొక్కల మాట. పత్రికలన్నీ ఆయన కోటి మొక్కలు నాటారని రాశాయి. కోటి అన్నమాట మన తెలుగువాళ్ళకు అలవాటే కదా అని కొందరు నవ్వారు. మేము కాగితం మీద లెక్క వేసి చూశాం. యాభై ఏళ్ళకు పద్దెనిమిది వేల పైచిలుకు రోజులు. కోటిని భాగిస్తే రోజుకు సుమారు 550. కుండీలో పెంచిన మొక్కలే అయితే ఒక మనిషికి ఇది సాధ్యం కాదు. కాని తొలకరిలో సంచీ భుజాన వేసుకుని కాలువ గట్టు వెంబడి గింజలు వేసుకుంటూ పోయేవాడికి పూటకు వేలు అసాధ్యం కాదు. వేసిన ప్రతి గింజా మొలవదు, మొలిచిన ప్రతిదీ మేకల నోటినుంచి తప్పించుకోదు, అది వేరే విషయం. కోటిలో పదో వంతు నిలిచినా లక్షల చెట్లు. ఒక జిల్లా కలెక్టరు గారు జీపులూ బిల్లులూ పెట్టి చేయించే పని, ఒక మనిషి సైకిలు మీద చేశాడు.

ఒక మనిషి అన్నాం గాని, అది కూడా సరికాదు. ఇద్దరు. రామయ్య గారి భార్య జానమ్మ గారిని మరిచిపోతే ఈ వ్యాసం రాయనవసరమే లేదు. మగవాడు లోకసేవ చేస్తూ ఊళ్ళు తిరుగుతుంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందని చరిత్రలు రాసేవారు అడగరు. మన సొసైటీ ఆడవారు తప్పకుండా అడుగుతారని తెలిసే రాస్తున్నాం. భూమి అమ్మినప్పుడు ఆమె అడ్డు తగల్లేదు. పైగా ఆయన వెంట తానూ బయలుదేరింది. గింజలు ఏరింది, నీళ్ళు మోసింది. చాలా ఫోటోల్లో ఆయన పక్కన ఆమె ఉంటుంది. పేరు ఒక్కరికి వచ్చినా పని ఇద్దరిదీ. మనుమలు మనుమరాళ్ళకు కూడా చెట్ల పేర్లూ పూల పేర్లూ పెట్టుకున్న ఇల్లది. ఎవరింట పెళ్ళికి వెళ్ళినా చదివింపుగా మొక్కే పట్టుకెళ్ళేవారు. చదివింపుల పుస్తకంలో దాన్ని ఎలా రాసుకునేవారో మాకు భలే కుతూహలం!

ఆ ఇంటికి వెళ్ళినవారు ముందుగా చూసేది చెట్లను కాదు, రేకులను. పాత డబ్బా రేకులు, పనికిరాని చక్రాలు, విరిగిన పలకలు, చేతికి ఏది దొరికితే దానిమీద రంగుతో చెట్ల గురించి రాతలు. మొక్కలు నాటండని, నీళ్ళు దాచుకోండని తానే మాటలు కూర్చి, తానే రాసి, గోడలకూ గేటుకూ తగిలించేవారు. వృక్షో రక్షతి రక్షితః అన్న మాట రాసిన పలకను మెడలో వేసుకునే తిరిగేవారు. పెళ్ళయినా, సభయినా, ఆఫీసయినా ఆ పలకతోనే. రెండువేల పదిహేడులో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారి చేతుల మీదుగా ఆయన ఆ బిరుదు అందుకున్నారు. పద్మశ్రీ వచ్చిన తరువాత మనుషులు మారడం మనం చూస్తుంటాం. ఈయన ఢిల్లీ నుంచి తిరిగి వచ్చి మళ్ళీ సంచీ తీసుకున్నారు, అంతే. తెలంగాణలో బడిపిల్లల పాఠ్యపుస్తకంలోనూ ఆయన జీవితం పాఠంగా చేరింది.

ఒక్క సంఘటన మాత్రం విపులంగా చెప్పక తప్పదు. 2022లో ఆయన మొక్కలకు నీళ్ళు పోయడానికి రోడ్డు దాటుతుండగా ఒక మోటారు సైకిలు గుద్దింది. అప్పటికే పండు ముసలి. ఆసుపత్రిలో పడ్డారు. మనమైతే ముందు కేసు, ఆ తరువాత పెద్దమనుషులు, ఆ తరువాత నష్టపరిహారం. ఆయన ఏమన్నారంటే, ఆ కుర్రవాడి మీద కేసు వద్దు, వాడిచేత వంద మొక్కలు నాటించండి అని. ఇది విని కొందరు ముసలాయన చాదస్తం అన్నారట. మాకు మాత్రం ఇది చాదస్తంగా తోచలేదు. దెబ్బ తగిలినవాడు శిక్ష నిర్ణయించే అవకాశం వస్తే మనిషి లోపల ఏముందో అది బయటపడుతుంది. రామయ్య గారి లోపల ఉన్నది చెట్లే.

ఇటువంటివారు ఈయన ఒక్కరేనా అంటే కాదు. అస్సాంలో జాదవ్ పాయెంగ్ గారు 1979 నుంచి బ్రహ్మపుత్ర ఇసుక దిబ్బ మీద అడవినే పెంచారు, ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క గారు పిల్లలు లేని బాధను మర్రిమొక్కల్లో మరిచిపోయి, భర్తతో కలిసి హులికల్, కుదూరుల మధ్య 385 మర్రిచెట్లను బిందెలతో నీళ్ళు మోసి పెంచారు, ఆమెకు 2019లో వచ్చింది.

మన పాఠకులకు వీరికంటే దగ్గరగా తోచే మనిషి ఒకాయన కేరళలో ఉన్నారు. కాసరగోడు జిల్లా అబ్దుల్ కరీం గారు. గల్ఫ్ ప్రయాణాల వ్యాపారంలో నాలుగు డబ్బులు సంపాదించి, 1977లో పరప్ప దగ్గర అయిదెకరాల ఎర్రరాతి నేల కొన్నారు. గడ్డి కూడా మొలవని నేల. అక్కడా జనం నవ్వారు. మొదట పెట్టిన మొక్కలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ద్విచక్ర వాహనం మీద డబ్బాలతో దూరం నుంచి నీళ్ళు తెచ్చి పోశారు. కొన్నేళ్ళకు కొన్ని నిలిచాయి. నిలిచినవాటి నీడలో మరికొన్ని, ఆ పైన పక్షులు వచ్చి తెచ్చిపడేసిన గింజలతో ఇంకొన్ని. బావిలో నీరు పైకి వచ్చింది. చుట్టుపక్కల నేల కూడా కొని 32 ఎకరాల అడవి చేశారు. కలుపు తీయరు, రాలిన ఆకు ఊడ్వరు, కొమ్మ కొట్టరు. చిన్నప్పుడు మలబారు ఊళ్ళలో చూసిన కావులు, అనగా దేవుడి పేరిట వదిలేసిన వనాలు, తన మనసులో ఉండిపోయాయని ఆయన చెబుతారు.

కరీం గారినీ రామయ్య గారినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. కరీం గారికి డబ్బుంది, నేల సొంతం, చుట్టూ హద్దుంది. ఆయన చెట్టును ఎవరూ ముట్టలేరు. రామయ్య గారి చెట్టుకు హద్దు లేదు. రోడ్డు వెడల్పు చేస్తే అది పోతుంది, కరెంటు తీగకు అడ్డం వస్తే కొమ్మలు పోతాయి, కట్టెలవాడి కన్ను పడితే మొదలే పోతుంది. ఆ సంగతి ఎరిగి కూడా నాటినవాడే మాకు ఎక్కువ గొప్పవాడుగా కనిపిస్తాడు. కరీం గారు ఏమీ అనుకోరు లెండి.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నామో సబ్బవరం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు పెందుర్తి నుంచి అనకాపల్లి పోయే దారి ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది? ఆనందపురం, పెందుర్తి, సబ్బవరం, అనకాపల్లి మీదుగా సుమారు యాభై కిలోమీటర్ల దారి ఆరు వరుసల జాతీయ రహదారి అయింది. మంచిదే. లారీలు తగలడం లేదు, విశాఖ ఆసుపత్రికి రోగిని తీసుకుపోవడానికి పట్టే సమయం తగ్గింది, భూముల ధరలు పెరిగాయి. మేము రోడ్డును తప్పుపట్టడం లేదు. కాని పాత దారి పక్కనున్న చింతలూ వేపలూ మర్రులూ పోయాయి. వాటికి బదులు రోడ్డు మధ్యలో గన్నేరు పొదలు పెట్టారు. చూడముచ్చటగానే ఉంటాయి గాని, బస్సు కోసం నిలుచున్న ముసలమ్మకు గన్నేరు నీడనివ్వదు. మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, బదులుగా మొక్కలు నాటాలి. చట్టం కాగితం మీద ఉంది, మొక్క నేల మీద ఉండాలి. ఆ రెండింటి మధ్య దూరాన్నే రామయ్య గారు సైకిలు మీద తిరిగారు.

అంతకుముందే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల పైమాటే. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే జీడితోటలూ సరుగుడు తోపులూ దువ్వెన పెట్టి దువ్వినట్టు ఒకే వైపు పడివున్నాయి. మేము చూసినంతలో తురాయి, నీలగిరి వంటివి ముందు పడ్డాయి. తాటిచెట్లు చాలావరకు నిలిచాయి. పాత వేపలు కొమ్మలు పోగొట్టుకున్నా మొదళ్ళతో నిలబడి, మూడు నెలల్లో మళ్ళీ చిగిర్చాయి. నర్సరీలో త్వరగా ఎదిగే చెట్టును అడిగి తెచ్చుకునే మనకు ఆ తుపాను ఒక మాట చెప్పింది. నేల చూసి, గాలి చూసి, తాతల నాటి చెట్టునే నాటుకోవాలని. రామయ్య గారి సంచీలో ఉండినవి చాలావరకు అటువంటి గింజలే.

అదే విశాఖలో ఉక్కు కర్మాగారం వారు చుట్టూ లక్షల మొక్కలు నాటించి పచ్చని పట్టీ పెంచారు. ఆ పట్టీ లేకపోతే గాజువాక దుమ్ము సంగతి ఊహించలేం. పెద్ద సంస్థకు పెద్ద జీతగాళ్ళుంటారు, ట్యాంకరు నీళ్ళుంటాయి. ఊరికి, పల్లెకు, పేటకు ఎవరున్నారు? 1950లో వనమహోత్సవం మొదలైన నాటినుంచి ప్రతి జూలైలో ఫోటోలు తీసుకుంటూనే ఉన్నాం. నాటినవాళ్ళు చాలామందే. మరుసటి ఏప్రిల్లో బిందె పట్టుకుని ఆ మొక్క దగ్గరికి వెళ్ళినవాళ్ళే తక్కువ.

రామయ్య గారు పోయినప్పుడు ప్రధానమంత్రి, తెలంగాణ ముఖ్యమంత్రి గారలు సంతాపం తెలిపారు. పత్రికలు మొదటి పేజీల్లో రాశాయి. ఆయన పోయినది ఏప్రిల్ నెల, అంటే కానుగ కాయలు రాలే రోజులు, గింజలు ఏరుకునే రోజులు. ఆ ఏడు తొలకరికి నాటవలసినవాటిని ఆయన చేతితో నాటలేదు.

మన ఖబరస్తాన్ గోడ వెంబడి, ఈద్గా చుట్టూ, మన పిల్లలు చదివే బడుల దగ్గర ఎండకు మాడే జాగాలు ఎన్ని ఉన్నాయో సభ్యులకు తెలిసినదే. వేసవి సెలవుల్లో గుంటలకు చేసే పని లేక సెల్‌ఫోన్లు పట్టుకు కూర్చుంటున్నారని తల్లులు మాతో మొరపెట్టుకుంటున్నారు. ఇంట్లో పాత బియ్యం సంచీలకు చిన్న పట్టీ కుట్టి భుజాన తగిలిస్తే చాలు. చింతగింజలు వంటింట్లోనే దొరుకుతాయి, పారేయకుండా ఒక డబ్బాలో వేసి ఉంచండి. కానుగ కాయలు మే నెలలో ఏరాలి. వేపపళ్ళు జూన్ చివర్లో పసుపుపచ్చగా రాలతాయి, వాటి తొక్క తీసి, కడిగి, నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెట్టకూడదు. ఆ తరువాత మూడు వారాలే వ్యవధి.